ఒక లైబ్రరీ, వంద ప్రోగ్రాములు: మరమ్మతు పూచీ ఎవరిది?

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక వింత జబ్బు పట్టుకుంది. తెలుగు ‘జ్ఞా’ అక్షరంలో ఞ వత్తుకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక విభజన గుర్తు దూరిస్తే చాలు, దాన్ని తెర మీద చూపించబోయిన యాప్ అక్కడికక్కడే కుప్పకూలేది. వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, ట్విటర్, ఆపిల్ వాళ్ల సొంత మెసేజెస్ యాప్, అన్నిటిదీ ఒకటే గతి. ఇవి వేరువేరు కంపెనీల వాళ్లు, ఒకరి కోడ్ ఒకరు చూడకుండా రాసుకున్న యాప్‌లు. అయినా అన్నీ ఒకే అక్షరం దగ్గర బోల్తా పడ్డాయంటే, అక్షరాలు పేర్చే పని వాటిలో ఏదీ సొంతంగా చేసుకోదు కాబట్టే. ఆ పని కోర్‌టెక్స్ట్ అనే ఆపిల్ లైబ్రరీది. లోపం అందులో ఉంది. వార్తల్లో తెలుగు అక్షరమే నేరస్థురాలైనట్టు హోరెత్తింది గానీ, బెంగాలీ లాంటి లిపుల్లోనూ అదే తరహా కూర్పు అదే పని చేసేది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. దాన్ని వేసుకున్న ఫోన్లో యాప్‌లన్నీ ఒక్కసారిగా కుదుటపడ్డాయి. వాటి జోలికి ఎవరూ పోనక్కర్లేకపోయింది.

ఫైళ్లు కుదించడం, బొమ్మలు విప్పడం, సమాచారాన్ని గుప్తలిపిలోకి మార్చడం, అక్షరాలు పేర్చడం, ఇలాంటి పనులను ప్రతి ప్రోగ్రామరూ మొదటినుంచి రాసుకోడు. ఎవరో ఒకసారి శ్రద్ధగా రాసిపెట్టిన కోడ్‌ను తెచ్చుకుంటాడు. అదే లైబ్రరీ. తెచ్చుకునే దారులు రెండు. ప్రోగ్రామ్ తయారయ్యేటప్పుడే లైబ్రరీలోంచి కావలసిన ముక్కలను కాపీ చేసి లోపల కలిపేసుకుంటే అది స్టాటిక్. లోపల లైబ్రరీ పేరు మాత్రం రాసుకుని, నడిచే ప్రతిసారీ మెషీన్‌లో ఉన్న ఉమ్మడి కాపీని పిలుచుకుంటే అది షేర్డ్. పాఠ్యపుస్తకాలు ఈ తేడాను సైజు, వేగాల లెక్కతో సరిపెడతాయి: స్టాటిక్ అయితే ఫైలు పెద్దది, కాస్త చురుకు, షేర్డ్ అయితే ఫైలు చిన్నది, కాస్త నిదానం. ఆ లెక్కలో తప్పులేదు, అది ముఖ్యమైన లెక్క కాదంతే. రేపు ఆ కోడ్‌లో లోపం బయటపడితే దాన్ని దిద్దే పూచీ ఎవరిదో ఈ ఎంపికే తేలుస్తుంది. అందుకే నా వాదన ఇది. బయటినుంచి వచ్చే సమాచారాన్ని ముట్టుకునే లైబ్రరీ ఏదైనా, గట్టి కారణం ఉంటే తప్ప, షేర్డ్‌గా ఉండాలి. స్టాటికా షేర్డా అన్న నిర్ణయం లైబ్రరీ రాసినవాళ్ల చేతిలో కాక, దాన్ని మెషీన్లకు చేర్చి ఏళ్ల తరబడి బాగోగులు చూసేవాళ్ల చేతిలో ఉండాలి.

ముందు తయారీ చూద్దాం. లైనక్స్ మెషీన్‌లో జీసీసీ కంపైలర్ ప్రతి సోర్స్ ఫైలునూ విడిగా ఆబ్జెక్ట్ ఫైలుగా మారుస్తుంది. ఆ ఆబ్జెక్టులన్నిటినీ ఏఆర్ అనే పాతకాలపు యూనిక్స్ పనిముట్టు ఒకే ఫైల్లో చేర్చి, ఏ ఫంక్షన్ ఏ ఆబ్జెక్ట్‌లో ఉందో చెప్పే సూచికను ముందు పెడుతుంది. స్టాటిక్ లైబ్రరీ అంటే ఇంతే; పేరు చివర ‘.ఏ’ ఉంటుంది. ప్రోగ్రామ్‌ను కట్టేటప్పుడు లింకర్ ఈ ఫైలంతా లోపలికి లాక్కోదు. ఇంకా దొరకని పేర్ల జాబితా చేతిలో పెట్టుకుని, జవాబు ఉన్న ఆబ్జెక్టులను మాత్రం తీసుకుంటుంది. పైగా కమాండ్‌లో ఇచ్చిన ఫైళ్లను ఎడమనుంచి కుడికి వరుసగా చదువుతుంది. లైబ్రరీ పేరు ముందు రాసి, దాన్ని వాడే ఆబ్జెక్ట్‌ను తర్వాత రాస్తే, లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి లింకర్‌కి దానితో అవసరమే కనబడదు, దాటిపోతుంది. ఆ తర్వాత ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటూ మొరాయిస్తుంది. లైబ్రరీ కళ్లెదుటే ఉన్నా లేదంటున్నదేమిటని కొత్తవాళ్లు తల పట్టుకునేది ఇక్కడే. రెండు పేర్ల వరుస మారిస్తే తీరిపోతుంది. కట్టడం పూర్తయ్యాక ప్రోగ్రామ్‌లో లైబ్రరీ తాలూకు యంత్రభాష ఉంటుంది. అది ఏ లైబ్రరీదో, ఏ వెర్షన్‌దో చెప్పే చీటీ మాత్రం ఉండి తీరాలన్న నియమం లేదు. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి.

షేర్డ్ లైబ్రరీకి హంగామా ఎక్కువ. అది ఏ ప్రోగ్రామ్‌లో ఏ చిరునామా దగ్గర దిగుతుందో ముందుగా తెలియదు. ఎక్కడ దించినా నడిచేలా ఉండాలి. జీసీసీకి ‘ఎఫ్‌పిక్’ అనే ఆప్షన్ ఇస్తే ఆ రకం కోడ్ వస్తుంది. బయటి ఫంక్షన్ల చిరునామాలను నేరుగా రాసుకోకుండా ఒక పట్టికలో చూసుకుంటుంది. ఆప్షన్ మరిచిపోయి షేర్డ్ లైబ్రరీ కట్టబోతే 64-బిట్ ఇంటెల్ మెషీన్లలో లింకర్ సాధారణంగా ఎఫ్‌పిక్‌తో మళ్లీ కంపైల్ చేసుకు రమ్మని వెనక్కి పంపుతుంది. తర్వాత పేర్ల వ్యవహారం. ఫైళ్లు కుదించే జెడ్‌లిబ్‌నే తీసుకుంటే, అసలు ఫైలు పేరు లిబ్‌జెడ్.ఎస్ఓ.1.3.1 అనుకుందాం. దాని కడుపులో ‘సోనేమ్’ అనే గడిలో లిబ్‌జెడ్.ఎస్ఓ.1 అని మాత్రమే ఉంటుంది. దాన్ని వాడే ప్రతి ప్రోగ్రామ్‌లోనూ లింకర్ రాసేది ఈ పొట్టి పేరే. ప్రోగ్రామ్ మొదలవగానే డైనమిక్ లింకర్ ఆ పొట్టి పేరుతో ఉన్న లంకెను పట్టుకుని అసలు ఫైలును చేరుతుంది. కొత్త వెర్షన్ వస్తే లంకెను దానివైపు తిప్పితే సరి, ప్రోగ్రాములకు ఏమీ తెలియనక్కర్లేదు. ఏ ప్రోగ్రామ్ ఏ లైబ్రరీల మీద ఆధారపడిందో కనుక్కోవాలంటే ఎల్‌డీడీ అనే కమాండ్ ఒక్కటి చాలు. స్టాటిక్‌లో లేని చీటీ ఇక్కడ ప్రతి ఫైలుకూ అతికించి ఉంటుంది.

ఈ ఏర్పాటు పుట్టింది మాత్రం మెమరీ పొదుపు కోసమే. 1980ల చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ తన సన్‌ఓఎస్ 4లో ఈ తరహా లైబ్రరీలను ప్రవేశపెట్టింది. లైనక్స్‌లో తొలినాటి షేర్డ్ లైబ్రరీలు ఒక్కోటీ ఒక్కో ఖాయమైన చిరునామాలో కూర్చునేవి. ఎవరి లైబ్రరీకి ఏ చిరునామా అన్నది ముందే పంచుకోవాల్సి వచ్చేది. 1990ల మధ్యలో ఈఎల్ఎఫ్ ఫార్మాట్‌కు మారాక ఆ తంటా వదిలింది. ఇవాళ చౌక ఫోన్లోనూ గిగాబైట్ల మెమరీ ఉంటోంది కనుక పొదుపు మాట వెనకబడింది. దాంతోపాటే షేర్డ్ లైబ్రరీల అవసరమూ తీరిపోయిందని కొందరు తేల్చేశారు. ఏ పనికోసం పుట్టిందో ఆ పనికే పరిమితమైన వస్తువులు కంప్యూటర్ రంగంలో తక్కువ.

2002 మార్చిలో జెడ్‌లిబ్‌లో ఒక లోపం బయటపడింది. ఒకసారి విడుదల చేసిన మెమరీనే మళ్లీ విడుదల చేస్తోంది. తెలివైన దొంగ చేతిలో పడితే అది తలుపు తీసిపెట్టే లోపం. దిద్దిన వెర్షన్ 1.1.4 వెంటనే వచ్చింది. షేర్డ్ జెడ్‌లిబ్‌ను వాడుతున్న ప్రోగ్రాములన్నిటికీ ఆ ఒక్క ఫైలు మార్పుతో గండం గడిచింది. అసలు తలనొప్పి మిగతావాటితో. లైనక్స్ కెర్నెల్‌లో, ఆర్‌సింక్ లాంటి ప్రోగ్రాముల్లో జెడ్‌లిబ్ కోడ్ సొంత కాపీగా కలిసిపోయి ఉంది. ఎందులో ఉందో వెతకాలి, ఒక్కొక్కదాన్నీ దిద్దాలి, మళ్లీ కంపైల్ చేయాలి, మళ్లీ పంచాలి. చీటీ లేకపోవడం ఎంత ఖరీదో అప్పుడు అర్థమైంది.

అర్థమైందని అనుకున్నాం. 2023 సెప్టెంబరులో అదే కథ మరింత పెద్ద ఎత్తున నడిచింది. వెబ్‌పీ బొమ్మలను విప్పే లిబ్‌వెబ్‌పీలో, పనిగట్టుకుని తయారుచేసిన బొమ్మ ఒకటి మెమరీ హద్దు దాటి రాయించగలదని తేలింది. అప్పటికే దాన్ని ఎవరో వాడుకుంటున్నారు కూడా. గూగుల్ క్రోమ్‌కు సెప్టెంబరు 11న మరమ్మతు వచ్చింది, మర్నాడు ఫైర్‌ఫాక్స్‌కు. అసలు చిక్కేమిటంటే ఆ లోపాన్ని మొదట క్రోమ్ లోపంగా నమోదు చేశారు. అది లైబ్రరీదని, ఆ లైబ్రరీ కాపీ ఎలక్ట్రాన్ అనే చట్రం మీద కట్టిన ప్రతి డెస్క్‌టాప్ యాప్‌లోనూ ఉందని లోకానికి తెలిసివచ్చేసరికి రోజులు గడిచాయి. డెబియన్, ఉబుంటు లాంటి లైనక్స్ పంపిణీల్లో లిబ్‌వెబ్‌పీ ప్యాకేజీని ఒక్కసారి మార్చగానే, దాన్ని షేర్డ్‌గా వాడే బొమ్మల ప్రోగ్రాములన్నీ భద్రమయ్యాయి. కాపీ పెట్టుకున్న యాప్‌లకు మాత్రం ఎవరి తయారీదారు ఎప్పుడు మేలుకుంటే అప్పుడు. ఊరికి ఒకే నీళ్ల ట్యాంకు ఉంటే అది చెడిన రోజు ఊరంతా మంచం పడుతుంది నిజమే. కానీ ట్యాంకు కడిగితే ఊరంతా తేరుకుంటుంది. ఇంటింటికీ బోరు ఉన్న ఊళ్లో ఏ బోరు నీళ్లు పాడయ్యాయో కనిపెట్టడానికే నెలలు పడుతుంది.

షేర్డ్‌కు ఇంత మహిమ ఆపాదిస్తూనే ఒక మాట చెప్పాలి. ఫైలు మార్చినంతలో పని పూర్తవదు. 2014 ఏప్రిల్‌లో గుప్తలిపి పని చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు చాలాచోట్ల కొత్త లైబ్రరీ డిస్క్ మీదికి చేరింది, కానీ అప్పటికే నడుస్తున్న సర్వర్ ప్రోగ్రాములు మెమరీలో పాత కాపీనే పట్టుకుని ఉన్నాయి. వాటిని ఆపి మళ్లీ మొదలుపెడితే తప్ప మరమ్మతు అమల్లోకి రాదు.

ఇప్పుడు బిల్డ్ పనిముట్ల సంగతి. ఈ నిర్ణయం కాగితం మీద జరిగేది అక్కడే. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్, ఏ ఫైలు మారితే ఏది మళ్లీ తయారుచేయాలో చూసుకుంటుంది గానీ, షేర్డ్ లైబ్రరీ ఎలా కట్టాలో దానికి తెలియదు. ఒక్కో యూనిక్స్‌లో ఒక్కో ఆప్షన్, ఒక్కో పేరు పద్ధతి. 1990లలో ఆ గందరగోళాన్ని తన నెత్తిన వేసుకున్నది గ్ను లిబ్‌టూల్. ప్రత్యేకంగా చెప్పకపోతే అది ప్రతి సోర్స్ ఫైలునూ రెండుసార్లు కంపైల్ చేస్తుంది: ఒకసారి ఎఫ్‌పిక్‌తో షేర్డ్ కోసం, ఒకసారి మామూలుగా స్టాటిక్ కోసం. బిల్డ్ అవుతుండగా తెర మీద ఒకే ఫైలు పేరు రెండుసార్లు కనబడి, ఇదేం చాదస్తమని చాలామంది విసుక్కున్న పని అదే. చాదస్తం కాదు. రెండూ కట్టి ఇస్తా, ఏది కావాలో మీరే ఎంచుకోండి అనడం. షేర్డ్ వద్దంటే ఒక ఆప్షన్, స్టాటిక్ వద్దంటే ఇంకొకటి.

తర్వాత వచ్చిన పనిముట్లు ఈ సూత్రాన్ని నిలబెట్టాయి. 2000 ప్రాంతంలో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం డబ్బుతో సాగిన ఐటీకే అనే వైద్యచిత్రాల ప్రాజెక్టు కోసం కిట్‌వేర్ కంపెనీ సీమేక్‌ను తయారుచేసింది. అందులో లైబ్రరీని ప్రకటించే వాక్యంలో స్టాటిక్ అనిగానీ షేర్డ్ అనిగానీ రాయకుండా వదిలేస్తే, కట్టేవాళ్లు ‘బిల్డ్ షేర్డ్ లిబ్స్’ అనే ఒక్క మీటతో ఏదైనా తేల్చుకోవచ్చు. ఫిన్లాండ్‌కు చెందిన యుస్సి పక్కనెన్ 2013లో విడుదల చేసిన మీసన్‌లోనూ ఇంతే: ఉత్త లైబ్రరీ అని రాస్తే చాలు, స్టాటికా, షేర్డా, రెండూనా అన్నది ‘డిఫాల్ట్ లైబ్రరీ’ ఆప్షన్ చెబుతుంది. అయినా ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్ ఫైళ్లలో లైబ్రరీ పేరు పక్కనే స్టాటిక్ అన్న మాటను మేకు దించినట్టు రాసేస్తుంటారు. తమ మెషీన్‌లో అలా అయితే సులువుగా కుదిరింది కాబట్టి, అంతకు మించి ఆలోచన ఉండదు. అక్కడితో ఆగితే బాగుండును. ఆ లైబ్రరీని డెబియన్‌లోకో ఫెడోరాలోకో చేర్చేవాళ్లు ఆ మేకు పీకడానికి ఒక అతుకు రాసి, ప్రతి కొత్త వెర్షన్‌కూ దాన్ని సరిచేసుకుంటూ కూర్చోవాలి. రాసినవాళ్లు ఒక్క మాట తీసేస్తే తీరే శ్రమ అది.

తెలుగు పాఠకుడికి దగ్గరి ఉదాహరణ హార్ఫ్‌బజ్. ‘స్త్రీ’ అని టైపు చేస్తే సకారం కింద తకారం, రేఫ వత్తులు ఎక్కడ కూర్చోవాలో, దీర్ఘం ఎక్కడ చేరాలో ఫాంటులోని నియమాలు చదివి పేర్చే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఇది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ దీన్నే వాడతాయి. లిబ్రేఆఫీస్ 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అన్ని వేదికల మీదా దీనికే మారింది. లైనక్స్ పంపిణీలు ఇచ్చే లిబ్రేఆఫీస్ సాధారణంగా మెషీన్‌లోని ఉమ్మడి హార్ఫ్‌బజ్‌ను పిలుస్తుంది. గూగుల్ ఇచ్చే క్రోమ్ తన కడుపులోని కాపీని వాడుతుంది. అంటే ఒకే కంప్యూటర్‌లో, ఒకే ఫాంటుతో, ఒకే తెలుగు వాక్యాన్ని పేర్చే కోడ్ రెండు చోట్ల, బహుశా రెండు వెర్షన్లలో ఉంటుంది. వత్తు పేర్చడంలో ఒక తప్పు దిద్దితే ఒక కిటికీలో సరిగ్గా, పక్క కిటికీలో పాతగా కనబడవచ్చు. క్రోమ్‌ను తప్పుపట్టలేం, కొన్ని వారాలకోసారి తనను తాను మార్చుకునే యంత్రాంగం దానికుంది, లిబ్‌వెబ్‌పీ విషయంలో త్వరగా కదిలినవాటిలో అదీ ఒకటి. ఆ యంత్రాంగం లేని చిన్న యాప్‌లు క్రోమ్‌ను చూసి వాత పెట్టుకోవడమే ప్రమాదం.

షేర్డ్ మీద మొదటి అభ్యంతరం చాలా పాతది, చాలా న్యాయమైనదీనూ. ఉమ్మడి ఫైలు మారితే నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ ఇవాళ ఆగిపోవచ్చు. 2010లో ఫెడోరా 14 వేసుకున్నవాళ్లకు ఫ్లాష్ ప్లేయర్‌లో పాటలు గరగరలాడుతూ వినిపించాయి. కారణం వెతికితే, సీ భాష లైబ్రరీ అయిన జీలిబ్‌సీలో మెమ్‌కాపీ అనే ఫంక్షన్‌ను వేగం కోసం కొత్తగా రాశారు. కొన్ని ప్రాసెసర్ల మీద అది కాపీని వెనకనుంచి ముందుకు చేస్తోంది. మూలమూ గమ్యమూ ఒకదానిమీద ఒకటి పడకూడదని సీ ప్రమాణం మొదటినుంచీ చెబుతూనే ఉంది. ఫ్లాష్ ఆ నియమం తప్పింది, ఇన్నాళ్లూ అదృష్టం కొద్దీ నడిచింది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ చర్చలో దిగి, నియమం ఎవరు తప్పారన్నది వాడుకరికి అనవసరమని, అతని మెషీన్ పాడవకూడదని వాదించాడు. చివరికి 2011లో జీలిబ్‌సీ 2.14 ఒక మధ్యేమార్గం పట్టింది. 64-బిట్ ఇంటెల్ మెషీన్లలో మెమ్‌కాపీ అన్న పేరుకే రెండు వెర్షన్లు పెట్టింది: పాత ప్రోగ్రాములకు అతివ్యాప్తిని భరించే పాతది, కొత్తగా కట్టినవాటికి వేగంగా నడిచే కొత్తది. ఒకే ఫైల్లో రెండూ పక్కపక్కన ఉంటాయి. లిబ్‌సీ.ఎస్ఓ.6 అన్న సోనేమ్ 1997 నుంచి మారకుండా నెగ్గుకొస్తున్నది ఇలాంటి ఓపికతోనే.

కాబట్టి జవాబు షేర్డ్ వద్దనడంలో లేదు, సోనేమ్‌ను ఒక మాటగా ఇచ్చి నిలబెట్టుకోవడంలో ఉంది. లిబ్‌టూల్ ఇందుకు మూడంకెల లెక్క పెట్టింది. ప్రస్తుత ఇంటర్‌ఫేస్ ఎన్నోది, దానికి ఎన్నిసార్లు మెరుగులు దిద్దారు, ఎన్ని పాత ఇంటర్‌ఫేస్‌ల దాకా ఇంకా పనిచేస్తుంది. ఫంక్షన్ చేర్చితే మొదటిదీ మూడోదీ పెరుగుతాయి. ఫంక్షన్ తీసేసినా, మార్చినా మూడోది సున్నా అవుతుంది. లైనక్స్‌లో మొదటిదాంట్లోంచి మూడోది తీసేస్తే వచ్చేదే సోనేమ్ అంకె. తీసివేతలూ మార్పులూ జరగనంతకాలం ఆ అంకె కదలదు. ఈ అంకెలను సాఫ్ట్‌వేర్ విడుదల నంబరుతో కలపవద్దని లిబ్‌టూల్ మాన్యువల్ మరీమరీ హెచ్చరిస్తుంది. అయినా కలిపేస్తుంటారు. మన జ్ఞాపకం మీద నమ్మకం లేకపోతే, రెండు వెర్షన్లను పక్కపక్కన పెట్టి ఏం విరిగిందో చెప్పే అబిడిఫ్ లాంటి ఉచిత పనిముట్లున్నాయి.

రెండో అభ్యంతరం నేటిది. డిస్క్ చౌక, కంపైలర్ చురుకు, మొత్తం ప్రోగ్రామ్‌ను మళ్లీ కట్టి పంపితే పోయేదేముంది? 2009లో వచ్చిన గో భాష మామూలుగా కట్టేది స్టాటిక్ ప్రోగ్రాములే. రస్ట్ కూడా తన లైబ్రరీలను అలాగే కలుపుతుంది. ఒక కంపెనీ తన సర్వర్ల మీద తన కోడ్‌నే నడుపుకుంటూ, లోపం తెలిసిన సాయంత్రానికల్లా అంతా మళ్లీ కట్టగలిగితే ఈ వాదనకు నా దగ్గర జవాబు లేదు, అవసరమూ లేదు. దిద్దేవాళ్లూ వాడేవాళ్లూ అక్కడ ఒక్కరే. ఆ ఇద్దరూ వేరయ్యే చోటే చిక్కు. 2021లో డెబియన్ 11 విడుదల నోట్స్ దాచకుండా చెప్పాయి: ఎప్పుడూ స్టాటిక్‌గా లింక్ అయ్యే గో, రస్ట్ ప్యాకేజీలను మళ్లీ కట్టే విషయంలో తమ యంత్రాంగానికి ఇబ్బందులున్నాయని, అందువల్ల వాటికి భద్రతా మద్దతు పరిమితమని. వేల ప్యాకేజీలను ఉచితంగా మోస్తున్న సంస్థ అలా అన్నదంటే, మళ్లీ కట్టడం అన్నది అనుకున్నంత చౌక కాదు. కంపైలర్ ఎంత చురుకైనా, ఏవేవి కట్టాలో చెప్పే జాబితా మనుషులే కాపాడుకోవాలి. కంటైనర్లకూ ఇదే వర్తిస్తుంది. లోపల షేర్డ్ లైబ్రరీయే ఉన్నా, కట్టిన రోజు గడ్డకట్టిన ఇమేజ్‌ను ఎవరూ మళ్లీ కట్టకపోతే ఫలితం స్టాటిక్‌కు భిన్నంగా ఉండదు.

అన్నిటికంటే పదునైన అభ్యంతరం 2024 మార్చి 29న వచ్చింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్, దూరపు మెషీన్‌లోకి చేర్చే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మామూలుకన్నా దాదాపు అర సెకను ఆలస్యం కావడం గమనించి తవ్వితే, ఎక్స్‌జెడ్ కుదింపు ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగతలుపు బయటపడింది. రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించుకుని నిర్వాహక హోదా తెచ్చుకున్న ఒక మారుపేరు మనిషి పని. విషం టెస్టు ఫైళ్లలో దాక్కుంది. దాన్ని బయటికి తీసే స్క్రిప్టు విడుదల టార్‌బాల్‌లోని ఆటోటూల్స్ అనే బిల్డ్ పనిముట్ల ఫైలొకదానిలో మాత్రమే ఉంది, అందరూ చూసే గిట్ భాండారంలో లేదు. 64-బిట్ లైనక్స్ మీద, డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీగా కడుతున్నప్పుడే అది మేల్కొంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అసలు ఎక్స్‌జెడ్‌ను వాడనే వాడదు. కొన్ని పంపిణీలు దానికి సిస్టమ్‌డీ లైబ్రరీని తగిలించాయి, ఆ లైబ్రరీ ఎక్స్‌జెడ్ వాళ్ల లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏను వెంట తెచ్చింది. ఉమ్మడితనమే విషాన్ని మోసుకొచ్చింది కదా అంటారు. కాదనను. ఒక్క నోటిఫికేషన్ పంపడానికి మొత్తం లైబ్రరీల గొలుసును ప్రాణాధారమైన ప్రోగ్రామ్‌లోకి లాగడం అజాగ్రత్తే. కానీ స్టాటిక్‌గా కట్టి ఉంటే ఆ గొలుసు తెగేది కాదు. అదే కోడ్ అదే ప్రోగ్రామ్‌లో చీటీ లేకుండా కలిసిపోయేది. షేర్డ్ కాబట్టి ఎల్‌డీడీతో చూస్తే పేరు కనబడింది. ప్రధాన పంపిణీల స్థిర వెర్షన్లలోకి అది అప్పటికింకా చేరలేదు; ప్రయోగ వెర్షన్లలో చేరినచోట ఒక ప్యాకేజీని వెనక్కి తీసుకోవడంతో మెషీన్లనుంచి తొలగిపోయింది. ఆ ఉదంతంలో అసలు దోషి లింక్ చేసే పద్ధతి కాదు, ఎవరూ చదవని బిల్డ్ స్క్రిప్టు. మనుషులు చదవడానికి భయపడేంత జటిలమైన తయారీ సూచనలను దశాబ్దాలుగా భరించడం వల్లే అక్కడ దాక్కోవడానికి చోటు దొరికింది.

స్టాటిక్ ఎక్కడ సరైనదో కూడా చెప్పకపోతే వాదన ఏకపక్షమవుతుంది. మెషీన్ పాడై లైబ్రరీలే లోడ్ కానప్పుడు అక్కరకొచ్చే బిజీబాక్స్ లాంటి ప్రోగ్రాములు, ఒక ప్రాజెక్టు తన ఆబ్జెక్టులను సర్దుకోవడానికి లోపల వాడుకునే చిన్న లైబ్రరీలు, ఒకే ప్రోగ్రామ్ నడిచే బుల్లి పరికరాలు, ఇక్కడ ఉమ్మడిగా వాడేవాళ్లే లేరు కాబట్టి షేర్డ్‌తో ఒరిగేదీ లేదు. కాకపోతే జీలిబ్‌సీతో పూర్తి స్టాటిక్ అన్నది సగం భ్రమ. సర్వర్ పేరునుంచి చిరునామా వెతికే గెట్‌అడ్రస్‌ఇన్ఫో ఫంక్షన్‌ను వాడితే, నడిచేటప్పుడు ఇదే వెర్షన్ షేర్డ్ లైబ్రరీలు కావాలని లింకర్ ముందే హెచ్చరిస్తుంది. నిజంగా స్టాటిక్ కావాలనుకునేవాళ్లు మసల్ అనే మరో సీ లైబ్రరీ వైపు వెళ్లేది ఇందుకే. లైసెన్సు సంగతీ ఉంది: ఎల్‌జీపీఎల్ లైబ్రరీని మూసిన ప్రోగ్రామ్‌లో స్టాటిక్‌గా కలిపితే, వాడుకరి కొత్త లైబ్రరీతో మళ్లీ లింక్ చేసుకోవడానికి వీలుగా ఆబ్జెక్ట్ ఫైళ్లయినా ఇవ్వాలి. మరమ్మతు హక్కు గురించి న్యాయవాదుల భాషలో రాసిన అదే మాట.

షేర్డ్ మాట నిలబెట్టుకోలేని రోజూ వస్తుంది, అప్పుడు బిల్లు పెద్దదే. 32-బిట్ మెషీన్లలో సమయాన్ని లెక్కపెట్టే అంకె 2038 జనవరి 19న నిండిపోతుంది. దాన్ని 64-బిట్లకు పెంచితే, తన ఫంక్షన్లలో ఆ సమయపు అంకెను బయటపెట్టే ప్రతి లైబ్రరీ ఇంటర్‌ఫేస్ మారిపోతుంది. పాత ప్రోగ్రామ్ కొత్త లైబ్రరీని పిలిస్తే చెత్త అంకెలు చదువుకుంటుంది. డెబియన్ వాళ్లు 2024లో ఈ పని నెత్తికెత్తుకుని, అలాంటి లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర ‘టీ64’ అని తగిలించి, వాటిని వాడే ప్యాకేజీలన్నిటినీ మళ్లీ కట్టారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ పేరు అందుకే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64. మామూలు 64-బిట్ ఇంటెల్ మెషీన్లలో సమయపు అంకె ఎప్పటినుంచో 64-బిట్లే, అక్కడ మారిందేమీ లేదు. అయినా అన్ని మెషీన్లకూ ఒకే పేరు ఉండాలి కాబట్టి ఆ తోక అక్కడా ఉంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తన సోనేమ్ అంకె మార్చేదాకా ఉంటుంది.